చెంబు దెబ్బ, మధ్యవేలు: ఒక జైలు కొట్లాట కేసులో శిక్ష ఎలా తేలింది

ముద్దాయి తల్లి బ్రాడీపేటలోని మా ఆఫీసుకి వచ్చిన రోజు అడిగింది ఒక్కటే. "లోపల కొట్టుకున్నారంట బాబూ. మావోడికి ఇంకెన్నాళ్లు పడుద్ది?"

అప్పటికి నా చేతిలో ఎఫ్‌ఐఆర్ కాపీ ఒక్కటే ఉంది. దాన్ని బట్టి జవాబు చెప్పాలంటే పదేళ్లనాలి, గాయమైంది కాబట్టి యావజ్జీవం దాకా అనాలి. జైలు సూపరింటెండెంట్ పంపిన ఫిర్యాదు మీద పోలీసులు కట్టింది హత్యాయత్నం, భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 109వ సెక్షన్. పదకొండు నెలల తర్వాత చివరికి పడింది ఎనిమిది నెలల కఠిన శిక్ష. పదేళ్లు ఎనిమిది నెలలు కావడం వెనక ఉన్నది ఒక మనిషి కుడిచేతి మధ్యవేలు.

నేను ముద్దాయి తరఫు వకీలుని. గుంటూరు కోర్టుల్లో చాలాకాలంగా క్రిమినల్ కేసులే చూస్తున్నాను. ఇద్దరి పేర్లూ, జైలు పేరూ, ఆస్పత్రి పేరూ ఇక్కడ రాయడం లేదు. తేదీలూ కావాలనే వదిలేశాను. ఖైదీల మధ్య కొట్లాట కేసులంటే మా బార్‌లో జూనియర్లు పెద్దగా పట్టించుకోరు. "ఎలాగూ లోపలే ఉన్నాడు కదా" అనేస్తారు. ఆ మాట వల్ల ఎవరి జీవితంలోంచి ఎన్ని నెలలు పోతాయో ఈ కేసులో నేను దగ్గరగా చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున

ఇద్దరూ రిమాండ్ ఖైదీలే. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా ఇలా విచారణలో ఉన్నవాళ్లే, కాబట్టి ఇందులో వింతేం లేదు. నా క్లయింటుకి ఇరవై నాలుగేళ్లు, మిర్చియార్డులో హమాలీ. రెండు బైకుల దొంగతనం కేసులో లోపలికి వెళ్లి రెండో నెల దాటింది. దెబ్బ తిన్నాయనకి నలభై అయిదు దాకా ఉంటాయి, టైలరు. కుటుంబ తగాదా కేసులో వచ్చాడు. అంతకుముందు ఇద్దరికీ పరిచయం లేదు, పగ లేదు.

పొద్దున్నే నీళ్ల తొట్టి దగ్గర బకెట్ల వరస. నా వాడి బకెట్ పక్కకి జరిగింది. ఎవరు జరిపారన్నది చివరిదాకా తేలలేదు. మాటా మాటా పెరిగింది, పెద్దాయన నా వాడి తల్లి మీద ఒక మాట అన్నాడు, వీడు చేతిలోని స్టీలు చెంబుతో కొట్టాడు. మొదటి దెబ్బ తల మీద పడింది. రెండోదానికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత బట్టలుతికే బండ పక్కన పడిపోయాడు. వార్డర్లు వచ్చి విడదీశారు.

తల చిట్లి రక్తం ముఖమంతా కారింది. తొట్టి దగ్గరున్న ఖైదీలు చూసింది ఆ రక్తాన్నే, సూపరింటెండెంట్ రాసింది ఆ తల గురించే, ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నదీ అదే. జైలు డిస్పెన్సరీలో ఆరు కుట్లు వేశారు. వేలు వాచింది. దాని గురించి ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క ముక్క లేదు.

తొమ్మిదో రోజున ఆయన్ని బయటి ఆస్పత్రికి తీసుకెళ్లారు. తలకి సీటీ స్కాన్ తీస్తే ఏమీ లేదు. చేతికి ఎక్స్‌రే తీస్తే మధ్యవేలి మొదటి ఎముక విరిగి ఉంది. గాయాల సర్టిఫికెట్‌లో తల గాయం సాధారణం అనీ, వేలి గాయం తీవ్రం అనీ వచ్చింది. అంతమంది భయపడిన రక్తం చిన్న సెక్షన్ కిందికి పోయింది. వాపు తప్ప ఏమీ కనిపించని వేలు పెద్ద సెక్షన్ తెచ్చిపెట్టింది.

సెక్షన్ దగ్గర

తీవ్ర గాయం అంటే ఏమిటో న్యాయ సంహిత 116లో ఎనిమిది రకాలుగా రాసి ఉంది: పుంసత్వం పోవడం, కన్ను పోవడం, చెవి పోవడం, అవయవమో కీలో పోవడం, వాటి శక్తి శాశ్వతంగా దెబ్బతినడం, తలా ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఎముక లేదా పన్ను విరగడం లేదా స్థానం తప్పడం, చివరిది ప్రాణాపాయం లేదా పదిహేను రోజుల పాటు తీవ్రమైన బాధ, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోవడం. పాత ఐపీసీ 320లో ఈ చివరిదానికి ఇరవై రోజులుండేది. 2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకి పదిహేనే. ఈ తేడా చాలామంది ఇంకా గమనించలేదు.

ఇందులో ఏదీ లేకపోతే మామూలు గాయం. ఒట్టి చేతులతో అయితే 115 కింద ఏడాది లోపు. ప్రమాదకరమైన ఆయుధంతో అయితే 118(1), మూడేళ్ల దాకా. గాయం తీవ్రమైతే 117(2), ఏడేళ్ల దాకా. తీవ్ర గాయమూ ఆయుధమూ రెండూ కలిస్తే 118(2): పదేళ్ల దాకా లేదా యావజ్జీవం, పైగా ఏడాదికి తగ్గించడానికి వీల్లేదు. ఆ కనీస శిక్ష దీనికి సరిపోయే పాత ఐపీసీ 326లో లేదు, కొత్త చట్టంలో వచ్చింది.

చార్జిషీటు వేసేటప్పటికి పోలీసులే 109 తీసేసి 118(2) పెట్టారు. దానికి సంతోషించాను కానీ, హత్యాయత్నం పోవడానికి కారణం తల గాయం చిన్నది కావడమే అని జూనియర్లు అనుకోకూడదు. మధ్యప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ సలీం కేసులో 2005లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రాణం తీసేంత గాయం కావాలన్న నియమం లేదు, చూడాల్సింది ఉద్దేశం. జైలు గొడవల్లో ఈ 109కి ఇంకో మొన ఉంది. కొట్టినవాడు అప్పటికే యావజ్జీవ ఖైదీ అయి, అవతలివాడికి గాయమైతే, మరణశిక్ష లేదా చనిపోయేదాకా జైలు. యావజ్జీవ ఖైదీల తరఫున నిలబడేవాళ్లు మొదటి రోజే చూసుకోవాల్సింది ఇదే.

మా కేసులో ముందు తేలాల్సింది చెంబు సంగతి. నీళ్లు పోసుకునే స్టీలు చెంబు 118లో చెప్పిన ఆయుధమేనా? పొడిచేదీ కోసేదీ కాదు. అలాంటప్పుడు, ఆయుధంగా వాడితే చావుకి దారితీసే వస్తువని ప్రాసిక్యూషనే చూపించాలి. మథాయి వర్సెస్ కేరళ కేసులో 2005లో సుప్రీంకోర్టు రాయి గురించి ఇదే చెప్పింది. ఆ వస్తువు ఎంత పెద్దది, ఎలా వాడారు అన్నవి చూసి తేల్చాలంటూ 326ని 325కి, అంటే ఆయుధం లేని తీవ్ర గాయానికి, దించింది. అంతకుముందు 2004లో షకీల్ అహ్మద్ కేసులో మనిషి పళ్లు ఆయుధం కావన్నది కూడా ఈ వరసలోదే.

చెంబుని కోర్టులో ఎం.ఓ. 1గా, అంటే సాక్ష్యంగా చూపే మొదటి వస్తువుగా, పెట్టారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దర్యాప్తు అధికారి చేతికిచ్చి, దీని బరువెంతో పంచనామాలో రాశారా అని అడిగాను. రాయలేదు. చెంబుకి సొట్ట ఉందా? లేదు. అడుగు కుదురుగానే ఉందా? ఉంది. మేజిస్ట్రేట్ గారు దాన్ని తీసుకుని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టారు. తీర్పులో ఆయుధం భాగం నిలబడలేదు. 118(2) పోయి 117(2) మిగిలింది, దాంతో కనీసం ఏడాది అన్న గొలుసూ తెగింది.

ఎక్స్‌రే, రిజిస్టరు

వేలు విరిగిందన్నదాన్ని కొట్టెయ్యగలనని మొదట్లో నాకు గట్టి నమ్మకం. ఎక్స్‌రే తీసింది తొమ్మిదో రోజున. ఈలోపు బ్యారక్‌లో ఏం జరిగిందో ఎవరు చూడొచ్చారు? బండ మీద పడినప్పుడు విరిగి ఉండొచ్చు, తర్వాత ఇంకెక్కడో విరిగి ఉండొచ్చు. పైగా సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు వేరు, ఎక్స్‌రే చదివిన డాక్టరు వేరు. ఎముక విరిగిన కేసుల్లో ఎక్స్‌రే ఫిల్మ్ మార్కు చేయకుండా, రేడియాలజిస్టుని బోను ఎక్కించకుండా "తీవ్రం" అన్న ఒక్క మాటతో నెట్టుకురావడం మన కోర్టుల్లో పాత జబ్బు. ఈ కేసులో ఏపీపీ గారు (ప్రభుత్వం తరఫు వకీలు) ఆ తప్పు చేయలేదు. ఇద్దర్నీ పిలిపించారు, ఫిల్మ్ మార్కు చేయించారు.

నేను పిటిషన్ వేసి జైలు డిస్పెన్సరీ ఓపీ రిజిస్టరు తెప్పించాను. మొదటి రోజు పేజీలో వేలి గురించి ఏమీ ఉండదన్నది నా లెక్క.

మొదటి రోజు పేజీలో తల కుట్ల కింద, సన్నటి అక్షరాల్లో, "కుడి మధ్యవేలు వాపు, నొప్పి" అని ఉంది. నేను తెప్పించిన కాగితమే నా వాదన తుంచేసింది. వాపు ఆ రోజుదే అయినప్పుడు విరిగింది ఆ రోజే. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడని సాక్షులూ చెప్పారు. ఇక కోర్టు ఇంకోలా అనుకోవడానికి దారి లేదు.

కానీ పేజీ తిప్పితే ఇంకో రెండు పంక్తులు కనిపించాయి. మూడో రోజు: "ఎక్స్‌రేకి పంపాలి. ఎస్కార్ట్ రాలేదు." అయిదో రోజు మళ్లీ అదే మాట. రిమాండ్ ఖైదీని ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుళ్లు కాపలాగా రావాలి. బందోబస్తులుంటే రారు. డిస్పెన్సరీ ఆయన చేయగలిగింది మాత్రలివ్వడం, గుడ్డ చుట్టడం. ఆయన్ని నేను తప్పుపట్టను. అంత పనిలోనూ మూడుసార్లు నిజాయితీగా రాసిపెట్టాడు.

ఎముకల డాక్టరుని క్రాస్‌లో ఒకే ప్రశ్న అడిగాను. మొదటి రెండు మూడు రోజుల్లో స్ప్లింట్ వేసి ఉంటే ఈ వేలు వంగేదా? ఆయన కాసేపు ఆలోచించి, "వంగే అవకాశం చాలా ఎక్కువుండేది" అన్నారు. ఆ వాక్యాన్ని అలాగే రికార్డు చేయించుకున్నాను. విరగడం చెంబు పని. వేలు బిగుసుకుపోవడంలో మాత్రం ఆ తొమ్మిది రోజులకీ వాటా ఉంది. సెక్షన్ తేల్చడానికి విరగడం ఒక్కటి చాలు, ఆలస్యం దాన్ని తుడిచెయ్యదు. శిక్ష ఎంతన్నప్పుడు మాత్రం ఈ రెండూ విడివిడిగా చూడాలి. చివరి వాదన మొత్తం దీని మీదే నడిపాను.

అంగుస్తానా

దెబ్బ తిన్నాయన సాక్ష్యం గురించి కాస్త ఆగి చెప్పాలి.

బెయిల్ మీద బయటికొచ్చాక బోను ఎక్కాడు. చొక్కా కాలరు అంచున దారంతో సూది గుచ్చి ఉంది. ఎప్పటి అలవాటో. ఏపీపీ గారు మీ చేతికి ఏమైందని అడిగితే, జేబులోంచి చిన్న ఇత్తడి తొడుగు తీశాడు. టైలర్లు చేత్తో కుట్టేటప్పుడు మధ్యవేలికి పెట్టుకుని సూది తల నెడతారు, అంగుస్తానా అంటారు. దాన్ని వేలికి పెట్టుకున్నాడు. మిగిలిన వేళ్లు వంచితే ఆ ఒక్కటీ కర్రలా నిలబడింది. "మిషన్ తొక్కుతా సార్. కాజాలు కుట్టలేను, హెమ్మింగ్ చేయలేను. జాకెట్లకి చేతిపనే కదా డబ్బులు" అన్నాడు.

క్రాస్‌కి లేచాను. మీరు ముద్దాయి తల్లిని తిట్టారా అని అడిగాను. తిట్టానన్నాడు, దాచలేదు. మిషన్ మీద సంపాదన ఎంత అని అడగాలని నోట్సులో రాసుకున్నాను, అడగలేదు. ఆ వేలి విలువ తగ్గించి చూపించే ప్రశ్న ఏదీ నా క్లయింటుకి మేలు చేయదని బోనులో ఆయన్ని చూశాక అర్థమైంది. మేజిస్ట్రేట్ గారి కళ్లు కూడా ఆ ఇత్తడి తొడుగు మీదే ఉన్నాయి. ముద్దాయి తరఫున నిలబడ్డామని అవతలి మనిషి నొప్పి చిన్నది కాదు. జడ్జి కళ్లముందున్నదాన్ని కాదన్న వకీలు ఆ తర్వాత ఏం చెప్పినా చెవికెక్కదు.

రాజీ గురించి అంతకుముందే ఒక పెద్దమనిషి ద్వారా కబురు చేశాం. 118 రాజీకి కుదరని సెక్షన్. 117(2) అయితే దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుంటే కుదురుతుంది. సెక్షన్ తగ్గుతుందన్న ఆశతో అడిగాం. "డబ్బులిస్తే వేలు వంగుద్దా?" అన్నాడంట. మళ్లీ అడగలేదు.

ఆ సాక్ష్యం తర్వాత వాయిదాకే ఏపీపీ గారు చార్జి మార్చాలని మెమో వేశారు. 117(3) కింద, అంటే శాశ్వత వైకల్యం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 117(3)కి కనీసం పదేళ్లు, పైన చనిపోయేదాకా జైలు. కేసు సెషన్స్ కోర్టుకి పోతుంది. అదే చెంబు, అదే వేలు, ఒక్క సబ్‌సెక్షన్ మారితే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు ముప్పై నాలుగేళ్లకి గానీ బయటికి రాడు.

నా వాదన చట్టం కూర్పులోంచే చెప్పాను. కీలు శక్తి శాశ్వతంగా దెబ్బతినడం 116లో అయిదో రకంగానే ఉంది. దానికి శిక్ష 117(2)లో ఏడేళ్ల లోపు. శాశ్వతంగా దెబ్బతిన్న ప్రతి కీలూ 117(3) కిందికి వచ్చేట్టయితే, 116లో ఆ రకం రాసి 117(2)లో శిక్ష పెట్టడానికి అర్థమే ఉండదు. 117(3)లో వైకల్యం పక్కనే రాసింది తెలివి లేకుండా మంచాన పడి ఉండే స్థితిని. పార్లమెంటు ఎంత పెద్ద నష్టాన్ని ఉద్దేశించిందో ఆ పొరుగుమాటే చెబుతోంది. సదరం క్యాంపులో ఆయనకి ఇచ్చిన వైకల్య శాతం కూడా అయిదు లోపే. మేజిస్ట్రేట్ గారు మెమో కొట్టేశారు. ఈ కేసు మొత్తంలో శిక్షని అన్నిటికన్నా ఎక్కువ మార్చిన ఆర్డరు అదే. రెండు పేజీలు కూడా లేదు.

పదిహేను రోజుల మాట కూడా వచ్చింది. ఎముక విరగడం రుజువు కాకపోతే, పదిహేను రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోయాడన్నదాని మీద నిలబడదామని ప్రాసిక్యూషన్ చూసింది. రిమాండ్ ఖైదీకి రోజువారీ పనులేమిటి? అతన్ని కూలికి పంపరు. స్నానం, బట్టలుతుక్కోవడం, అన్నం కలుపుకు తినడం, ములాఖత్‌కి నడిచివెళ్లడం. ఇన్ని రోజులు ఆస్పత్రిలో ఉన్నాడని చూపితే సరిపోదు, ఆ రోజుల్లో ఏం చేయలేకపోయాడో చూపాలి. ఆ సాక్ష్యం ఎవరూ తేలేదు. తెచ్చి ఉంటే రుజువయ్యేదే. కుడిచేతి వేలు వాచినవాడు పదిహేను రోజులు ఎడంచేత్తో తిన్నాడా లేదా అని పక్క ఖైదీని అడిగితే చెప్పేవాడు. బాధితుడి తరఫున ఉండేవాళ్లకి చెబుతున్నాను, జైలు కేసుల్లో ఈ చిన్న ప్రశ్నలు అడగండి.

శిక్ష మీద విన్నపం

మేజిస్ట్రేట్ కోర్టుల్లో నేరం రుజువైందన్నాక శిక్ష గురించి వినడం తరచుగా రెండు నిమిషాల పని. "ఏమైనా చెప్పుకుంటావా?" "తప్పయిపోయింది సార్, అమ్మ ఒక్కతే ఉంది." అంతటితో సరి. మన దగ్గర శిక్షకి కొలబద్ద లేదు. ఇంగ్లండులో 2021 నుంచి అమల్లో ఉన్న దాడి కేసుల మార్గదర్శకాల్లో నష్టం ఎంత, తప్పు ఎంత అని రెండూ వేరుగా అంచెలు కట్టి, అవి కలిసే చోట శిక్ష చూస్తారు. ఇక్కడ సున్నా నుంచి ఏడేళ్ల దాకా అంతా మేజిస్ట్రేట్ విచక్షణే, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేయగలిగేది మూడేళ్లలోపే అన్న హద్దు తప్ప. అది చాలదనుకుంటే కేసుని చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కి పంపొచ్చు. అందుకే లిఖితపూర్వకంగా మెమో ఇచ్చాను, ఒక పూట టైమడిగాను. ఇచ్చారు.

గాయం తీవ్రత నేను కాదనలేదు. మెమోలో రాసింది ఇది: ఎముక విరగడం ముద్దాయి బాధ్యత, వేలు బిగుసుకుపోవడం మొత్తం అతని ఖాతాలో వేయకూడదు, డాక్టరు మాట ఇదిగో, రిజిస్టరు ఇదిగో. ముందే అనుకుని కొట్టింది కాదు, చేతిలో ఉన్నదానితో కొట్టాడు. తల్లి మీద తిట్టు తీవ్ర ప్రేరేపణ కింద సెక్షన్ 122 దాకా రాకపోయినా, శిక్షలో చూడొచ్చు. ఇదివరకు కొట్లాట కేసులు లేవు. ఆ గొడవకి జైల్లో అతనికి ములాఖత్ ఆపేశారు, విడిగా ఉంచారు. 1894 నాటి ప్రిజన్స్ యాక్టు 52వ సెక్షన్‌లో ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష వేయకూడదని ఉంది. లోపల జరిగిన చర్య కోర్టు విచారణని ఆపేస్తుందని నేను వాదించలేదు. తూకంలో దాన్నీ వేయమన్నాను.

ఏపీపీ గారు ఒకటే పాయింటు మీద నిలబడ్డారు. "వీధిలో అయితే ఆయన పారిపోయేవాడు. అక్కడ ఎక్కడికి పోతాడు?" ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఉండకూడదు కూడా. ఇష్టం లేకపోయినా ఒకే గదిలో కొట్టినవాడితో పడుకోవాల్సిన మనిషికి చట్టం ఇవ్వగలిగిన రక్షణ, కొట్టినవాడికి శిక్ష పడుతుందన్న భరోసాయే.

ఇక లెక్కల సంగతి. అప్పటికి దొంగతనం కేసులో నా వాడికి రెండేళ్లు పడి, పదకొండు నెలలు మిగిలున్నాయి. ఇదివరకే శిక్ష అనుభవిస్తున్నవాడికి కొత్త శిక్ష పడితే, నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 467 ప్రకారం పాతది అయిపోయాకే కొత్తది మొదలవుతుంది, రెండూ కలిసి నడవాలని కోర్టు చెబితే తప్ప. ఖైదీల కొట్లాట కేసుల్లో అసలు శిక్ష ఇక్కడే ఉంటుంది. ఎనిమిది నెలలు కలిపి నడిస్తే నా వాడికి అదనంగా ఒక్క రోజు కూడా లేదు. విడిగా నడిస్తే అదంతా అదనం. తల్లికి ఈ సంగతి చెప్పడానికి కాగితం మీద రెండు గీతలు గీశాను, ఒకదాని కింద ఒకటి, తర్వాత ఒకదాని పక్కన ఒకటి. ఆవిడ వెంటనే పట్టుకుంది. "పక్కన పెట్టొద్దని చెప్పు బాబూ" అంది.

రెండో లెక్క పీటీ వారెంట్, అంటే ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో కోర్టు ముందుకి తెప్పించే వారెంట్. కొట్టిన రోజు నుంచి మనిషి జైల్లోనే ఉన్నా, ఈ కేసులో అతన్ని రిమాండ్ చేసింది రెండు నెలల తర్వాత. పోలీసులకి తొందరేముంది, పారిపోడు కదా. ఆ రెండు నెలలు ఈ కేసు ఖాతాలో పడలేదు. వారెంట్ అమలైన దగ్గర్నుంచి దొంగతనంలో శిక్ష పడేదాకా మూడు నెలలు రెండు కేసుల్లోనూ విచారణ ఖైదీగా ఉన్నాడు. 2001 నాటి నజాకత్ అలీ తీర్పు ప్రకారం అవి ఈ శిక్షలోంచి తగ్గుతాయి. ఆ తర్వాత అతను దొంగతనం కేసులో శిక్ష అనుభవిస్తున్న ఖైదీ, ఆ కాలం ఇక్కడ తీసివేయరని 2009లో అతుల్ మనుభాయ్ పరేఖ్ కేసులో చెప్పారు. తల్లి నా దగ్గరికి రెండో వారంలో వచ్చింది, వెంటనే మెమో వేశాను, అయినా నెలన్నర పట్టింది. లోపలున్న క్లయింటు మీద కొత్త ఎఫ్‌ఐఆర్ పడిందని తెలిసిన రోజే పీటీ వారెంట్ కోసం కోర్టుని అడగండి. అదనపు కేసులో రిమాండ్ కోరుకోవడమేంటని క్లయింటు కంగారుపడతాడు. కూర్చోబెట్టి చెప్పండి.

ఆర్డరు

117(2) కింద ఎనిమిది నెలల కఠిన శిక్ష, 25,000 రూపాయల జరిమానా. అందులో 20,000 దెబ్బ తిన్నాయనకి పరిహారం. కలిపి నడపమన్న మా విన్నపం ఒప్పుకోలేదు. బ్యారక్‌లో చేసిన నేరానికి శిక్ష బయట చేసినదాని మడతలో కలిసిపోతే శిక్ష పడనట్టే అవుతుందని మేజిస్ట్రేట్ గారి అభిప్రాయం. అయితే విడిగా నడుస్తుంది కాబట్టే కాలం తగ్గిస్తున్నామనీ, వైద్యం ఆలస్యం ముద్దాయి చేతిలో లేనిదనీ తీర్పులో రాశారు. మూడు నెలలు తీసేస్తే అయిదు నెలలు మిగిలాయి.

కలిపి నడవకపోవడం నాకు బాధే. కానీ కారణాలు రాసి ఇచ్చిన శిక్ష అది. సెక్షన్ ఎందుకు, కాలం ఎందుకు, పరిహారం ఎందుకు అని విడివిడిగా చదవొచ్చు. పెద్ద కోర్టుల్లో కూడా అంత ఓపిగ్గా రాసిన శిక్ష పేరాలు నేను ఎక్కువ చూడలేదు. 2013లో అంకుష్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు పరిహారం సంగతి ప్రతి కేసులో ఆలోచించి తీరాలని చెప్పినా, కింది కోర్టుల్లో దాన్ని ప్రస్తావించేవాళ్లు తక్కువ.

అప్పీలుకి వెళ్దామా అని ములాఖత్‌లో అడిగితే వద్దన్నాడు. "ఆయన వేలు అట్టా నిలబడిపోయిద్దని నాకు తెలవదు సార్" అన్నాడు. జరిమానా తల్లి చీటీ పాట పాడి కట్టింది. అప్పీలు గడువు దాటాక గానీ పరిహారం చేతికివ్వరు కాబట్టి టైలరు గారికి డబ్బు అందడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

ఆయనకి ఇంకో దారి ఉంది. నేను అవతలి పక్షం వకీలుని, ఆయన పని చేయడం నాకు తగదు. ఏపీపీ గారితో మాత్రం ఒక మాట అన్నాను. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్నవాళ్ల మీద బాంబులు వేస్తే, లోపలున్న మనిషి ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అని 2000లో సుప్రీంకోర్టు చల్లా రామకృష్ణారెడ్డి కేసులో చెప్పింది. ఆ ప్రమాదం బయటివాళ్ల వల్ల. ఇక్కడ తొమ్మిది రోజులు ఎక్స్‌రేకి పంపకపోవడం. రెండింట్లోనూ ఆ మనిషి తనంతట తాను గేటు దాటి వెళ్లలేడు. ఏపీపీ గారు ఆయన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పంపారు. అక్కడి ప్యానెల్ వకీలు నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే, ఆ డిస్పెన్సరీ రిజిస్టరు పేజీల సర్టిఫైడ్ కాపీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలని. తేదీలు చెప్పాను: మొదటి రోజు, మూడో రోజు, అయిదో రోజు.